ఒక చెయ్యి ఎక్కువ

మా ఆవిడ కుడి తుంటి ఎముకను పాడుచేసింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేయాలన్న సరదా నాకు లేదు. ఎలా పాడుచేశానన్నదే చెప్పాల్సిన సంగతి. కొట్టీ కాదు, తోసీ కాదు, పస్తులుంచీ కాదు.

నా పేరు లక్కోజు నాగభూషణం. మాది మచిలీపట్నం పక్కన చిలకలపూడి, గిల్టు నగలకు పేరుపడ్డ ఊరు. చిలకలపూడి బంగారమంటే పైన మెరుపు, లోపల రాగి అని లోకం ఎగతాళి చేస్తుంది. చేస్తే చేసింది. ఆ రేకుకు ఒక ఆకారం రావాలంటే కింద ఉక్కు అచ్చు ఉండాలి, ఆ అచ్చు చెక్కేవాడి చెయ్యి వెంట్రుకవాసి కూడా తప్పకూడదు. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని అదే. తర్వాత కంప్యూటరు మిషన్లు వచ్చి అచ్చులు కూడా అవే చెక్కడం మొదలుపెట్టాయి. నా ఉలులకు తుప్పు పట్టే రోజులొచ్చాయి.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒకావిడ మా వీధి వెతుక్కుంటూ వచ్చారు. పేరు డాక్టర్ ఓలేటి విదుల. సూదులు వేసే డాక్టరు కాదు, వస్తువులు ఎందుకు పగులుతాయో చదువుకున్న డాక్టరు. ఆవిడ నా బల్ల మీద ఒక తెల్లటి పలక పెట్టారు. పేకముక్కంత ఉంది, మందం రెండు రూపాయి బిళ్ళలు కలిపినంత.

"దీని వెనక రెండు గుంటలు చెక్కాలండి. ఒకటి బాదం గింజలా పొడుగ్గా, దాన్ని ఆనుకుని ఇంకోటి గుండ్రంగా. గుంట అడుగున గోరంత మందం మిగలాలి. మిషన్ పెడితే ముక్కలైపోతోంది," అన్నారు.

చెక్కాను. పలక ఉలికి ఎదురు చెప్పలేదు, తడి సుద్దలా లొంగింది. "ఇదేం రాయండీ?" అని అడిగాను.

"రాయి కాదండి. నా మోకాలి ఎముక."

నా చేతిలోంచి ఉలి జారలేదు గాని జారినంత పనైంది. ఆవిడ మాత్రం కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయారు. మనిషి ఎముకలోంచి సూదితో రవ్వంత తీసి, ఉప్పునీళ్ళ తొట్టెలో ఇరవై ఒక్క రోజులు పెంచితే ఇలాంటి పలక తయారవుతుందట. ఆ మనిషి ఎముకలో ఏ బలం ఉందో, ఏ లోపం ఉందో, పలకలోనూ అవే ఉంటాయట.

నెల తిరక్కుండా మేం విశాఖకు మారిపోయాం.

*

ప్రయోగశాల సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట మీద ఉండేది. మొదటి రోజు విదుల గారు నేను చెక్కిన పలకను ఒక చట్రంలో బిగించి, ఎర్రగా కాలిన తీగ మొనను వెనక గుండ్రటి గుంటలో ఆనించారు. ముందు వైపు కెమెరా ఉంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఇరవై రెండు సెకన్లకు పలక 'పుటుక్' అంది.

ముందు వైపు తిప్పి చూస్తే ఒక నిలువు పగులు, దాని నడుమ నుంచి పక్కకు చిన్న కొమ్మ. ఆవిడ పెన్సిలు తీసి కాగితం మీద అదే బొమ్మ గీశారు: 卜.

"ఇది చైనా అక్షరం. మూడువేల ఏళ్ళ పైమాటే. అక్కడి రాజులు తాబేలు పొట్ట పెంకు వెనక ఇలాగే గుంటలు తొలిపించి, నిప్పు పెట్టి, వచ్చిన పగులు చూసి జోస్యం చెప్పించుకునేవాళ్ళు. యుద్ధానికి వెళ్ళాలా, వాన పడుతుందా, రాణికి కాన్పు క్షేమమా, అన్నీ. ఆ పగులు బొమ్మే అక్షరమైంది. అర్థం జోస్యం అడగడం. ఇప్పుడు 'పూ' అంటారు. వెనకటి రోజుల్లో 'పోక్' లాంటి మాటేదో అనేవాళ్ళట. పెంకు పగిలే చప్పుడే పేరైందని పండితుల ఊహ."

"మన పుటుక్కు," అన్నాను.

"అవును, మన పుటుక్కే," అని ఆవిడ నవ్వారు. "వాళ్ళు పితృదేవతల్ని అడిగారు. నేను ఎముకనే అడుగుతున్నాను. ఎన్ని సెకన్లకు పగిలింది, కొమ్మ ఎంత వాలింది, ఈ రెండూ చూస్తే ఆ మనిషి ఎముక ఎప్పుడు విరుగుతుందో తెలుస్తుంది."

తెలిసింది కూడా. ఆస్పత్రుల నుంచి కొరియర్లో వచ్చిన నలభై మంది ఎముక రవ్వలకు మొదట గడువు లెక్కగట్టి చూశారు. ముప్ఫై ఏడు చెప్పిన నెలలోనే విరిగాయి. ఎముక విరిగిన కబురు ఫోనులో వస్తే ఇక్కడ చప్పట్లు కొట్టుకోవడం నాకు మొదట్లో ఎబ్బెట్టుగా ఉండేది. తర్వాత నేనూ కొట్టాను. అలవాటైతే అన్నీ అంతే.

మొదటి వంద పలకలకు గుంట లోతు కొలిచేవారు. వందా ఒక్కలాగే ఉండేసరికి కొలవడం మానేశారు. "భూషణం గారి చెయ్యి ఉండగా మైక్రోమీటరు దేనికి?" అన్నారు విదుల గారు. ఆ మాటకు నేను వారం రోజులు ఒళ్ళు తెలియకుండా తిరిగాను. పొగడ్త దగ్గర పనివాడు ఎప్పుడూ చిన్నపిల్లాడే.

*

మా ఆవిడ శేషారత్నం బస్సు కండక్టరు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. విశాఖకు బదిలీ తెచ్చుకుని శృంగవరపుకోట బస్సు ఎక్కింది. కూర్చోవడమంటే ఆవిడకు పడదు. బస్సు ఖాళీగా ఉన్నా నడుమ నిలబడి, పైన కడ్డీ పట్టుకోకుండా చిల్లర లెక్కపెట్టేది. మలుపుల్లో కూడా ఒరగదు. ఒకసారి నేను ఆ బస్సెక్కి, మలుపులో తూలి ఎవరో పెద్దాయన ఒళ్ళో పడితే, బస్సంతా వినేలా "మావారేనండీ, భూమ్మీద కూడా ఇంతే" అంది. మాకు పిల్లల్లేరు. కబుర్లకు మాత్రం లోటు లేదు.

నా కొత్త పని ఆవిడకు పెద్ద తమాషా. "ఎరుకలసాని అయితే చెయ్యి పట్టుకుని చెప్తుంది. మీ మేడం తుంటి గుచ్చి చెప్తుంది. అంతేగా తేడా?" అనేది. కాని వాళ్ళమ్మ తుంటి విరిగి, ఏడాది పాటు మంచంలో ఉండి చనిపోయింది. ఆ భయం లోపల ఉన్నట్టుంది. ఆషాఢంలో ఒక రోజు దోసెలు పోస్తూ, నా వైపు చూడకుండా అంది.

"ఏవండీ, ఇంట్లోవాళ్ళకి కూడా చూస్తారా మీ దగ్గర?"

"చూస్తారు. నీకెందుకు?"

"ఊరికే. బస్సు కుదుపులకి నడుం లాగుతోంది. లేదని తెలిస్తే పోతుందిగా అనుమానం."

తీసుకెళ్ళాను. సూది గుచ్చారు. ఆవిడ నర్సుతో కూడా పరాచికాలాడింది. ఇరవై ఒక్క రోజులకు పలక తయారైంది, నా బల్ల మీదకు వచ్చింది. చీటీ మీద 'శేషారత్నం, 46' అని ఉంది.

మా నాన్న ఒక మాట చెప్పేవాడు: అంగడి నగకు చెయ్యి సరిగ్గా పెట్టు, ఇంటి నగకు ఒక చెయ్యి ఎక్కువ వెయ్యి. అంటే మన ఇంటి ఆడవాళ్ళు పెట్టుకునేదానికి పనంతా అయ్యాక చివర్లో ఇంకొక్కసారి నునుపు పట్టాలని. చిలకలపూడిలో ఇది ఎవరూ ఎవరికీ చెప్పి చేయించే పని కాదు, చెయ్యే చేసుకుపోతుంది. ఆ రోజు నా చెయ్యి అదే చేసింది. రెండు గుంటలూ చెక్కాక, గీకుడు కత్తితో అడుగంతా ఇంకొకసారి మెత్తగా నునుపు పట్టాను. అద్దంలా వచ్చింది. ఇంత అందమైన గుంట నేను అంతవరకు చెక్కలేదు.

పలక ఏడో సెకనుకే పగిలింది.

విదుల గారు లెక్క రెండుసార్లు వేశారు. కుడి తుంటి, పదకొండు నెలలు.

ప్రయోగశాలలో ఒక పద్ధతి ఉండేది. ఫలితం మేం చెప్పకూడదు, ఇంటివాళ్ళే చెప్పాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ నోట వింటే మనిషి జడుసుకుంటాడని విదుల గారే పెట్టిన పద్ధతి. కాబట్టి నేనే చెప్పాను. ఆవిడ బెండకాయలు తరుగుతోంది. విని, కత్తి పక్కన పెట్టింది.

"ఏ కాలు?"

"కుడిది."

టికెట్టు తీసుకోని ప్రయాణికుణ్ణి చూసినట్టు కాసేపు తన కుడికాలి వంక చూసుకుంది. తర్వాత మిగిలిన బెండకాయలు తరిగేసింది.

*

మర్నాడు డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. "గుంత వచ్చినప్పుడల్లా ఇదేనా, ఇదేనా అనిపిస్తోందండీ. టికెట్లు కొట్టలేకపోయాను," అంది. సెలవు పెట్టింది. సెలవు అయిపోయాక ఇంకో సెలవు పెట్టింది.

నేను నా పని మొదలుపెట్టాను. బాత్రూములో గోడకు కడ్డీలు బిగించాను. నేల మీద కొబ్బరి పీచు పట్టాలు పరిచాను. వంటింట్లో సామానంతా వంగే పని, ఎత్తే పని లేకుండా నడుమెత్తుకు దింపాను. పేము కుర్చీకి చేతులు ఎత్తుగా కట్టించాను. తర్వాత ఆ వంట కూడా నేనే చేశాను. లేవబోతే "ఏం కావాలి, నేను తెస్తా" అనేవాణ్ణి. మొదట్లో విసుక్కునేది. తర్వాత విసుక్కోవడం మానేసి, ఏం కావాలో చెప్పడం మొదలుపెట్టింది. మేముండేది మేడ మీద. ఆవిడ మెట్లు దిగలేదు. సాయంత్రం పూట కిటికీలోంచి బస్సులు చూసి, ఏ బస్సు ఎంత లేటో చెప్పేది. నాలుగో నెల నుంచి అదీ చెప్పలేదు.

నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఆ రోజుల్లో నన్ను నేను మంచి మొగుణ్ణనే అనుకున్నాను.

ప్రయోగశాలలో పని బాగా సాగుతోంది. నాలుగువందల పైచిలుకు పలకలయ్యాయి. విదుల గారు ఒక్క విషయం మాత్రం తల గోక్కునేవారు. కొరియర్లో వచ్చిన ఎముకల కంటే, మనుషులు స్వయంగా వచ్చి ఇచ్చిన ఎముకలు బలహీనంగా ఉంటున్నాయి. "నొప్పి ఉన్నవాళ్ళే ఇంతదూరం వస్తారేమోలెండి," అని సర్దుకున్నారు. అలా చెడ్డ ఫలితం వచ్చినవాళ్ళలో ఇంకా ఎవరి ఎముకా విరగలేదు. మేం హెచ్చరించాం, వాళ్ళు జాగ్రత్తపడ్డారు, అందుకే విరగలేదు అని ఒక సభలో ఆవిడ చెబితే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. స్వయంగా వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే బెంచీ నా గది బయటే ఉండేది. టీ ఇప్పించి, ఊరూ పేరూ కనుక్కుని కబుర్లాడేది నేనే.

*

మాఘమాసంలో చైనా నుంచి ఒక పండితురాలు వచ్చారు. షెన్ యూలాన్ అని, అరవై దాటిన మనిషి, మెళ్ళో భూతద్దం వేలాడేసుకుని ఉంటారు. పాత పెంకుల మీద రాతలు చదవడం ఆవిడ వృత్తి. విదుల గారు మా పలకలు వరసగా బల్ల మీద పేర్చి, పగుళ్ళు కనపడేలా పెట్టారు. పండితురాలు ఒక్కొక్కదాన్నీ తీసి బోర్లా తిప్పేసి, వెనక వైపు చూడసాగారు.

"పగులు అటువైపుంది కదా అని చెప్పండి మేడం," అన్నాను.

ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది విదుల గారు నాకు తెలుగులో చెప్పారు. "రాజు ముందు వైపు చూసేవాడు. మేం వెనక వైపు చూస్తాం. పగులు ఎటు పోవాలో గుంట చెక్కినవాడు ముందే దారి వేసి ఉంచుతాడు. నిప్పు ఆ దారిన పోతుంది. పితృదేవతలు మాట్లాడారని రాజు అనుకుంటాడు. మా మ్యూజియంలో గుంట చూసి ఇది ఫలానా చెయ్యి, ఇది ఫలానా చెయ్యి అని విడదీసి పెట్టుకున్నాం."

తర్వాత కాగితం అడిగి ఆ పగులు అక్షరం గీశారు. దాని కింద ఒక చిన్న చదరం గీశారు. చైనా రాతలో చదరమంటే నోరు. పగులు కింద నోరు పెడితే ఇంకో అక్షరం అవుతుంది, జోస్యం చెప్పడం అని అర్థం. "ఒట్టి పగులు ఎవర్నీ ఏమీ చెయ్యదు. నోరు చెబితేనే అది జోస్యం. అందుకే తెలిసినవాళ్ళు ఒక ప్రశ్నను రెండు విధాలా అడిగేవాళ్ళు. పెంకుకు కుడివైపు 'వాన పడుతుంది' అని, ఎడమవైపు 'వాన పడదు' అని. మీరు ఒక్క వైపే అడుగుతున్నట్టున్నారు," అన్నారు.

విదుల గారు మొహమాటంగా నవ్వారు. పండితురాలు మళ్ళీ పలకల్లో పడ్డారు. ఒకదాన్ని పక్కన పెట్టారు. కాసేపటికి ఇంకోదాన్ని పక్కన పెట్టారు. రెండోది భూతద్దం కింద చాలాసేపు చూసి, నా వంక చూశారు.

"ఇవన్నీ ఒకే చెయ్యి. కాని ఈ రెండింటికీ అడుగు నునుపు పట్టారు. ఈ మనుషులంటే ఈ చేతికి ఇష్టం."

రెండో పలక చీటీ మీద 'శేషారత్నం, 46' అని ఉంది. మొదటిది భీమిలి నుంచి వచ్చిన మైలపల్లి దానయ్యది. దానయ్య చేపల వేటకు పోయే మనిషి. నా బెంచీ మీద కూర్చుని, సముద్రంలో దిక్కు తప్పినప్పుడు తమ్ముడితో పోట్లాడుకున్న కథ చెప్పి గంటసేపు నవ్వించాడు. అతని వెన్నెముకకు రెండేళ్ళు గడువు వచ్చింది. పడవను ఒడ్డుకు లాగేశాడని విన్నాను.

స్టూలు మీద కూర్చున్నాను. విదుల గారికి ఇంకా అర్థం కాలేదు.

"మేడం, మైక్రోమీటరు తీయండి," అన్నాను.

కొలిచారు. మా ఆవిడ పలక గుంట అడుగున ఉండాల్సిన మందంలో మూడోవంతు తగ్గింది, నునుపు పేరుతో నా గీకుడు కత్తే దాన్ని తీసేసింది, అందుకే అంత తొందరగా పగిలింది. దానయ్యదీ అంతే.

"ఇంకా ఎవరెవరికి వేశారు?" అని అడిగారు విదుల గారు. గొంతు పెంచలేదు. "రిజిస్టరు తెప్పించనా?"

"వద్దండి. నాకు గుర్తున్నారు."

చెప్పాను. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మా నర్సు. కుంటుకుంటూ వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల. మనవరాలికి జడ వేయలేకపోతున్నానని ఏడ్చిన ముసలావిడ. మా వాచ్‌మన్ సన్యాసిరావు. మా ఆవిడతో కలిపి పంతొమ్మిది మంది. ఒక్కొక్క పేరే చెబుతుంటే విదుల గారు ఒక్కొక్క పలకే తీసి కొలిచారు. ఒక్కటీ తప్పలేదు. కొరియర్లో వచ్చిన చీటీ పేర్లలో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు, వాటిలో ఒక్కటీ పల్చగా లేదు.

"తొట్టెను అనుమానించాను. నీళ్ళను, తీగను, కెమెరాను అనుమానించాను," అన్నారు విదుల గారు. "చేతిని అనుమానించలేదు." ఆవిడ తప్పు నా మీదకు తోయలేదు. తోసి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

అసలు మందానికి సరిచేసి లెక్క మళ్ళీ వేస్తే మా ఆవిడ తుంటికి వచ్చింది పదకొండు నెలలు కాదు, పద్నాలుగేళ్ళు. ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందికి వచ్చే గడువే అది.

నేను చెప్పులు వేసుకుంటున్నాను. పరుగున ఇంటికి పోయి, లేచి తిరగవే తల్లీ అని చెబుదామని.

"ఆగండి భూషణం గారూ. ఆ పద్నాలుగేళ్ళు అప్పటి ఎముకకి. ఏడు నెలల నుంచి ఆవిడ కుర్చీలో ఉన్నారు. మళ్ళీ ఒకసారి చూద్దాం."

*

మళ్ళీ ఒకసారి చూడాలట అని మాత్రం మా ఆవిడకు చెప్పాను, ఇంటికే వచ్చి సూది గుచ్చారు. ఇరవై ఒక్క రోజులకు తయారైన ఆ రెండో పలకను అడుగడుగునా కొలిచి చెక్కాను. పక్కన విదుల గారు నిలబడే ఉన్నారు. పనంతా అయ్యాక నా చెయ్యి మళ్ళీ గీకుడు కత్తి వైపు పోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అందులో అబద్ధం లేదు, విదుల గారు చూశారు.

పలక పగిలింది. కొమ్మ కిందికి వాలిపోయింది. తొమ్మిది వారాలు.

"ఇందులో తప్పేమైనా..." అన్నాను.

"ఉంటే బాగుండును. కదలని ఎముకను ఒళ్ళు అక్కర్లేని సామాను కింద జమకడుతుందండి. రోజూ కాస్త కాస్త తీసేస్తుంది. మొదటి పలక అబద్ధం. కాని ఆ అబద్ధం నమ్మి ఆవిడ కూర్చున్నారు కదా, కూర్చోబట్టి ఇది నిజమైంది."

"ఇప్పుడు నడిస్తే?"

"నెమ్మదిగా, రోజూ కొంచెం కొంచెం నడిస్తే ఏడాదిలో బలం మళ్ళీ పడుతుంది. కాని మొదటి రోజుల్లో పలచటి ఎముక మీద బరువు పడుతుంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నడిస్తే విరగొచ్చు. నడవకపోతే విరుగుతుంది. నాకు తెలిసింది అంతే."

"ఆవిడకి ఎవరు చెప్పాలి?"

"ఇదివరకు నేనో పద్ధతి పెట్టాను. ఇప్పుడు దాన్ని తీసేశాను. మీరు చెప్పినా చెప్పకపోయినా నేను అడగను." ఆ మధ్యాహ్నం నుంచే ఆవిడ ప్రయోగశాల మూసేసి, మిగతా పద్దెనిమిది మందికీ తనే స్వయంగా ఫోన్లు చేశారు. మీకు చెప్పింది తప్పు, మళ్ళీ చూస్తాం అని మాత్రం అన్నారు. గడువు ఎవరికీ చెప్పలేదు. దానయ్య విని, "సరేనమ్మా, పడవకి చెదలు పట్టింది మరి" అన్నాడట. తిట్టినా బాగుండేదన్నారు విదుల గారు.

ఇంటికి నడిచి వెళ్ళాను. దారంతా ఒకటే ఆలోచన. సగం నిజం చెప్పొచ్చు. మొదటి పలక తప్పు, నీకు పద్నాలుగేళ్ళు ఉన్నాయి, లే అనొచ్చు. లేస్తుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు, లేచిన రోజే బస్సు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది. అప్పుడు విరుగుతుంది. మొత్తం చెబితే అసలు లేవకపోవచ్చు. అప్పుడూ విరుగుతుంది. మొదటిసారి కత్తితో చెడగొట్టాను, ఈసారి నోటితో చెడగొట్టే అవకాశం వచ్చింది. నా భయమల్లా వాళ్ళమ్మలా మంచంలో పోతుందని. అది తప్ప నాకు వేరే దిగులు లేదు.

ఆవిడ పేము కుర్చీలో ఉంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని నా మొహం చూసింది.

"ఏమొచ్చింది?"

నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. నునుపు సంగతి, పంతొమ్మిది మంది సంగతి, పద్నాలుగేళ్ళు, తొమ్మిది వారాలు, నడిస్తే, నడవకపోతే. ఏదీ దాచలేదు. అయిపోయాక ఆవిడ అడిగింది.

"ఒక చెయ్యి ఎక్కువ వేశారా?"

"వేశాను."

"ఎందుకు?"

"నీది కాబట్టి."

"కొరియర్లో పంపించి ఉంటే?"

"ఈ పాటికి బస్సులో ఉండేదానివి."

మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఏడ్చాను, సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా. ఆవిడ ఊరుకోమనలేదు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, కంచం తనే లేచి సింకులో పెట్టింది. నేను అడ్డం వెళ్ళబోతే కళ్ళతోనే ఆపింది. రెండో రోజు గోడ పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. వెళ్ళి, చాలాసేపు ఆ గోడకే ఆనుకుని నిలబడింది. పెదాలు పాలిపోయాయి. నేను వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ముట్టుకుంటే ఏమవుతుందో, ముట్టుకోకపోతే ఏమవుతుందో నాకు తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తలుపు దగ్గర నిలబడింది.

"మెట్లు దిగాలి. చెప్పులు అందుకోండి."

ఇరవై నాలుగు మెట్లు, మధ్యలో ఒక మలుపు. నేను ఆవిడ పక్కకు చేరి, ఒక చేత్తో మోచెయ్యి, ఇంకో చేత్తో నడుమూ పట్టుకున్నాను. నా వేళ్ళు బిగుసుకుపోయి గోళ్ళు తెల్లబడ్డాయి. ఆవిడ మొదటి మెట్టు మీద ఆగింది. కింద వీధిలో కూరగాయల బండి వెళ్తోంది. తొమ్మిది వారాల్లో నాలుగు రోజులు అప్పటికే అయిపోయాయి.

"అంత గట్టిగా పట్టుకోకండి," అంది.

"పడతావేమోనని."

"తెలుసు. మీ జాగ్రత్తకో దణ్ణం. వదలండి."

నడుము మీద చెయ్యి తీశాను. ఆవిడ కదల్లేదు. మోచెయ్యి మీద చెయ్యి కూడా తీసేదాకా కదల్లేదు. అది తీయడానికి నాకు చాలాసేపు పట్టింది, ఒక్కొక్క వేలే విప్పాల్సి వచ్చింది. చివరి వేలు వదిలాక ఆవిడ గోడ మీద అరచెయ్యి ఆనించుకుని, కింద మెట్టు మీద కాలు పెట్టింది.

కుడి కాలే ముందు పెట్టింది.